వద్దన్నారు

శనివారం పొద్దున లోర్నా హాస్లమ్ వార్డులోకి అడుగుపెట్టేసరికి, ఆమెకు తోడుగా రావలసిన సహాయకురాలు కడుపునొప్పని ఫోన్ చేసి ఇంట్లోనే ఉండిపోయింది. ఆ అమ్మాయికి కడుపునొప్పి శనివారాలే రావడం వార్డులో అందరికీ తెలిసిన సంగతే. లోర్నా తిట్టుకోనైనా లేదు. కోటు తగిలించి, చేతులు కడుక్కుని, ఈరోజు ఎవరిని లేపాలి, ఎవరిని వదిలెయ్యాలి అని ఆలోచించడం మొదలుపెట్టింది.

లోర్నా ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చి, ప్రాణం దక్కి, కాలూ చెయ్యీ మాత్రం మాట వినకుండా పోయిన మనుషుల్ని మళ్ళీ నిలబెట్టడం ఆమె పని. ఇదివరకు ఆ ఇంగ్లీషు లోయ చివరి ఆసుపత్రిలో శని ఆదివారాలు ఈ పని ఉండేది కాదు. శుక్రవారం సాయంత్రం ఫిజియోలు ఇళ్ళకు పోయేవాళ్ళు. రోగులు రెండు రోజులు మంచాలకు అతుక్కుపోయి, వారమంతా నేర్చుకున్నది సోమవారానికల్లా సగం మర్చిపోయేవాళ్ళు. పక్షవాతానికి ఆదివారం సెలవని ఎవరు చెప్పారో తెలియదు గానీ, ఏళ్ళ తరబడి అలాగే సాగింది. చివరికి అందరూ మొత్తుకోగా మొత్తుకోగా, కొన్నాళ్ళు చేసి చూద్దామని పైవాళ్ళు వారాంతాలకు కూడా ఫిజియోని వేశారు. ఫిజియోల్ని కాదు, ఫిజియోని. వార్డు మొత్తానికీ ఒక మనిషి.

లోర్నా ఆ పనికి ఇష్టపడే వచ్చింది. విడాకులయ్యాక కూతురు వారాంతాలు తండ్రి దగ్గర గడుపుతుంది. ఖాళీ ఇంట్లో టీవీ ముందు కూర్చోవడం కన్నా ఇది నయమనుకుంది. మొదట్లో ఉత్సాహం కూడా ఉండేది. ఆ ఉత్సాహం ఎప్పుడు ఆరిపోయిందో ఆమె గమనించుకోలేదు.

కిటికీ పక్క మంచం క్లిఫర్డ్ టాటర్సాల్‌ది. బేకప్‌లో చేపల వేపుడు, చిప్స్ అమ్మే కొట్టు పెట్టుకుని జీవితమంతా దాని వెనకే నిలబడ్డ మనిషి. రిటైరై హాయిగా కూర్చుందామనుకునేలోపు ఎడమవైపు పడిపోయింది. ఆ శనివారం కూడా, ప్రతి శనివారంలాగే, అతను టిఫిన్ కాగానే నర్సుల చేత బూట్లు తొడిగించుకుని, తల దువ్వుకుని, కుర్చీలో సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. బెల్టుల జోలెలో వేసి ఎత్తే యంత్రంతో అతన్ని కుర్చీలోకి దింపారు. ఆ యంత్రమే అతనికి గండం. ఒక్క మనిషి సాయంతో మంచం మీంచి లేచి కుర్చీలోకి మారగలిగితే ఇంటికి పంపిస్తారు. పొద్దునా సాయంత్రం ఒక ఆయా వచ్చి చూసుకుంటుంది. యంత్రం కావాలి, ఇద్దరు మనుషులు కావాలి అంటే మాత్రం ఇల్లు కుదరదు, బర్న్లీ అవతల ఉన్న వృద్ధుల కేర్ హోమ్‌కే. అతని భార్య అవ్రిల్‌కు తుంటి అరిగిపోయింది. ఆ కేర్ హోమ్‌కు రెండు బస్సులు మారాలి. వారానికి ఒక్కసారి వెళ్ళగలిగినా గొప్పే.

శుక్రవారాలు క్లిఫర్డ్ ఆ ఒక్క మనిషి సాయానికి దగ్గరగా వచ్చేవాడు. సోమవారాలు మళ్ళీ మొదటికొచ్చేవాడు. మధ్యలో ఉన్నవి ఆ రెండు రోజులే.

ఎదురు మంచం మీద డెస్మండ్ పికప్ ఉంటాడు. లారీలు తోలినవాడు, ఇంకా యాభై దాటి ఎన్నాళ్ళో కాలేదు, గొంతు మాత్రం ఇంజను శబ్దం మీద అరిచి అరిచి అలాగే నిలిచిపోయింది. లోర్నా గుమ్మంలో కనిపించగానే అందుకున్నాడు.

"ఏంటమ్మా, నన్ను మర్చిపోయావా, పోయాననుకున్నావా? నిన్న కూడా ఇలాగే కూర్చోబెట్టి ఎగ్గొట్టారు."

నిన్న అతనికి ముప్పావుగంట నడక చేయించారని లోర్నాకు తెలుసు. అయినా అతనితో వాదిస్తే ఆ ముప్పావుగంటా వాదనకే పోతుంది. ఆమె ఇద్దరి మధ్యా నిలబడి, ఎవరి దగ్గరికి వెళ్ళాలా అని తటపటాయించింది. క్లిఫర్డ్ ఆ తటపటాయింపు చూశాడు. కొట్టు ముందు నిలబడ్డవాళ్ళ మొహాలు చదవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

"వాడి నోరు మూయించాలంటే ముందు వాణ్ణే లేపు తల్లీ. నాకు పర్లేదు."

లోర్నాకు ప్రాణం లేచొచ్చింది. అది అలసట అనండి, పిరికితనం అనండి, ఆమె మాత్రం మనసులో అతనికి దణ్ణం పెట్టుకుని డెస్మండ్ వైపు తిరిగింది. మళ్ళీ వస్తానని క్లిఫర్డ్‌కు మాటిచ్చింది. మాటిచ్చినప్పుడు వస్తాననే అనుకుంది. డెస్మండ్ తర్వాత చివరి గదిలో ఒకావిడ వాంతి చేసుకుంది, తర్వాత ఒక కొడుకు తన తల్లికి ఇంకా నడక రాలేదేమని నిలదీశాడు, తర్వాత భోజనాలు వచ్చాయి. సాయంత్రం ఆమె కోటు వేసుకుంటూ ఆ గది ముందు నుంచి వెళ్ళినప్పుడు క్లిఫర్డ్ బూట్లతోనే ఉన్నాడు. చెయ్యెత్తి, క్షేమంగా వెళ్ళిరమ్మన్నట్టు ఊపాడు.

ఆ దేశం మొహమాటం ఇలాంటిది. నొప్పి ఎలా ఉందంటే పర్లేదంటారు. టీ చల్లారిపోయిందా అంటే పర్లేదంటారు. ఇల్లు కాలుతున్నా పక్కింటివాళ్ళను నిద్రలేపడానికి సంకోచించే జనం. అందులోనూ ఆ లోయలో పాతకాలం మనుషులు మరీను. ఇంకొకరికి పని కల్పించడం కన్నా సిగ్గుచేటు వాళ్ళకు మరొకటి లేదు. పర్లేదు అంటే వద్దని కాదు, మీరే ఒక మాట ఎక్కువ అడిగితే బాగుంటుందని. అక్కడే పుట్టి పెరిగిన లోర్నాకు అది తెలియని సంగతి కాదు.

వెళ్ళేముందు కంప్యూటర్లో ఒక్కొక్క రోగి పేరు పక్కన ఏం జరిగిందో నొక్కాలి. చికిత్స ఇచ్చాం అని ఒకటి, ఒంట్లో బాగాలేదు అని ఒకటి, రోగి వద్దన్నారు అని ఒకటి. అన్నిటికన్నా కింద, సిబ్బంది చాలలేదు అని ఇంకొకటి ఉంది. ఉద్యోగంలో కొత్తలో లోర్నా ఒకసారి దాన్ని నొక్కింది. నొక్కగానే ప్రశ్నల చిట్టా విప్పుకుంది. ఎందుకు చాలలేదు, ముందే ఎవరికి చెప్పారు, చెప్పకపోతే ఎందుకు చెప్పలేదు. అది పూర్తిచేసేలోపు డ్యూటీ మేనేజర్ ఫోన్. అతను గోల్ఫ్ మైదానం నుంచి మాట్లాడుతూ, నిజంగానే చాలలేదా లేక పని సర్దుకోవడం రాలేదా అని అడిగాడు. ఆ ఫోనుకు పట్టిన సమయంలో ఇంకో ఇద్దర్ని లేపి ఉండేది. ఆ తర్వాత ఆమె కూడా అందరిలాగే మూడోది నొక్కడం నేర్చుకుంది. క్లిఫర్డ్ విషయంలో అది అబద్ధమని కూడా అనిపించలేదు. ముందు వాణ్ణి లేపు, నాకు పర్లేదు అన్నాడు కదా. వద్దన్నారు. నొక్కేసి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆదివారం ఎందుకో వార్డు కాస్త తెరిపినిచ్చింది. డెస్మండ్‌ను చూడ్డానికి అతని చెల్లెళ్ళొచ్చి కూర్చున్నారు, అతని గొంతు వాళ్ళ మీదికి మళ్ళింది. లోర్నా తిన్నగా క్లిఫర్డ్ దగ్గరికి వెళ్ళి, అతను నోరు తెరిచేలోపే, ఇవాళ ఏ పర్లేదూ వినేది లేదని చెప్పి, కుర్చీ తోసుకుంటూ వ్యాయామ గదికి తీసుకెళ్ళింది. అవ్రిల్ చేతికర్ర పొడుచుకుంటూ వెనకే వచ్చి గోడవారన కూర్చుంది. చిన్న మనిషి, ఆదివారం కదా అని మంచి కోటు వేసుకుంది.

లోర్నా అతని నడుముకు పట్టీ కట్టి, కమ్మీ ముందు నిలబెట్టబోయింది. మొదటిసారి సగం లేచి కూలబడ్డాడు. రెండోసారి అదీ లేదు. ఎడమ మోకాలు అతనిది కానట్టే పక్కకు జారిపోతోంది. క్లిఫర్డ్ నుదురు తుడుచుకుని, వేరే పనేమైనా ఉంటే చూసుకోమని మొదలుపెట్టబోయాడు. అప్పుడు లోర్నాకు ఒక ఆలోచన వచ్చింది.

"కమ్మీ అనుకోకండి. మీ కొట్లో బల్ల అనుకోండి. నేను లైన్లో ముందున్నాను, ఆకలితో చస్తున్నాను."

క్లిఫర్డ్ ఆమె వైపు అనుమానంగా చూశాడు. తర్వాత కుడి చెయ్యి కమ్మీ మీద వేసి, ముందుకు వంగి, లేచాడు. పట్టీ మీద లోర్నా ఒక్క చెయ్యే ఉంది. ఆ చేతి మీద బరువు పడకపోవడం చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"ఏం కావాలి తల్లీ?"

"రెండు చేపలు. ఒక పెద్ద చిప్స్."

"బఠాణీ ముద్ద?"

"వేయండి."

"ఉప్పూ, వెనిగరూ?"

"రెండూను."

క్లిఫర్డ్ కుడిచెయ్యి కమ్మీ వదిలేసి, గాలిలో కాయితం పరిచి, పొట్లం కట్టింది. మడత మీద మడత, ఎడమచెయ్యి చెయ్యాల్సిన పని కూడా కుడిచెయ్యే చేసింది. కాళ్ళు వణుకుతున్నాయి గానీ మనిషి నిలబడే ఉన్నాడు. పొట్లం ఆమెకు అందించి, చిల్లర ఇచ్చి, తర్వాత ఎవరని లోర్నా భుజం మీదుగా చూసి, అప్పుడు కూర్చున్నాడు. కూలబడలేదు, కూర్చున్నాడు.

"వెనిగరు మళ్ళీ ఎక్కువే పోశావు," అంది అవ్రిల్ గోడ దగ్గర్నుంచి. అని, చేతిరుమాలు కోసం సంచి వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం వాళ్ళు ముగ్గురూ చాలాసేపు నవ్వుకున్నారు. మంచాన్ని కింది గదిలోకి దింపించానని, పక్కింటి కుర్రాళ్ళు వచ్చి సాయం చేశారని, కిటికీలోంచి ఆయన పాత కొట్టు బోర్డు కనిపించేలా వేయించానని అవ్రిల్ చెప్పింది. రేపు మీటింగులో ఆయన సంగతి తేలుస్తారు కదా, మీరుంటారా అని అడిగింది. వారాంతపు మనుషులు సోమవారం మీటింగులకు వెళ్ళరు. పైగా సోమవారం లోర్నాకు సెలవు. అయినా ఉంటానంది. చెప్పేది మంచి మాటే కదా అనుకుంది.

సోమవారం మామూలు బట్టల్లో మీటింగు గదిలోకి వెళ్తే, ఫిజియోలందరికీ పెద్ద అయిన ఫిలిప్పా క్రాన్‌షా ఆమెను చూసి ఆశ్చర్యపోయింది. కుర్చీ చూపించింది. డాక్టరూ, సోషల్ వర్కరూ ఉన్నారు. లోర్నా ఆదివారం సంగతి చెప్పింది, పొట్లంతో సహా. డాక్టరు నవ్వాడు. ఫిలిప్పా నవ్వలేదు.

"ఒకసారి నిలబడ్డాడు, సంతోషమే. కానీ ఇంటికెళ్ళాక వెంటబడి చేయించేవాళ్ళుండరు లోర్నా. ఎవరికి వాళ్ళకే పట్టుదల ఉండాలి. ఇతను ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ ప్రతి వారాంతం చికిత్స వద్దంటూనే ఉన్నాడు."

అని కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. క్లిఫర్డ్ పేరు పక్కన శనివారం, ఆదివారం, శనివారం, ఆదివారం, పై నుంచి కిందికి అదే మాట. అడుగున నిన్నటిది ఒక్కటే వేరు. అన్నీ లోర్నా నొక్కినవే. విడివిడిగా నొక్కినప్పుడు ఏమీ అనిపించని మాట, వరసగా చూస్తే ఒక మొండి ముసలాణ్ణి తయారుచేసి పెట్టింది. ఆ ముసలాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు.

అతను వద్దనలేదని లోర్నా చెప్పింది. ఎదుటివాళ్ళను ముందు చూడమన్నాడని, అది మొహమాటమని, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బూట్లు వేసుకుని కూర్చునేవాడని చెప్పింది. మరి వద్దన్నారని ఎందుకు రాశావని సోషల్ వర్కర్ అడిగాడు. అతను కొత్తవాడు, నిజంగానే తెలియక అడిగాడు. దానికి లోర్నా దగ్గర ఉన్నది ఒకే జవాబు.

"నేను వెళ్ళలేకపోయాను. వెళ్ళలేదని రాయడం కష్టం. అతను వద్దన్నాడని రాయడం తేలిక. అది నా అబద్ధం, ఆయనది కాదు."

డాక్టరు పెన్ను మూత తీసి పెడుతూ ఉన్నాడు. ఆ మాట రాసుకుంటామని ఫిలిప్పా చెప్పింది. రాసుకుంది కూడా. కానీ క్లిఫర్డ్ మంచం శుక్రవారమే ఇంకొకరికి ఒప్పుకున్నారట, చిన్నపిల్లల తల్లి, అత్యవసర వార్డు నుంచి రేపు వస్తోంది. ఆమెకు ఫోన్ చేసి వద్దనడం ఎవరివల్లా కాదు. ఇంకో మంచం లేదు. క్లిఫర్డ్ రేపు కేర్ హోమ్‌కు వెళ్తాడు, అక్కడ వారానికోసారి ఎవరో ఒకరు వచ్చి చూస్తారు. వారానికోసారి చూడ్డమంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు.

మిగతావాళ్ళు వెళ్ళాక ఫిలిప్పా తలుపు మూసింది.

"నాకు తెలియదనుకున్నావా? నువ్వు రాకముందు వారాంతాలు చేసిన రోజుల్లో నేనూ అదే నొక్కేదాన్ని."

"మరి అక్కడ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమవుతుంది? లెక్కలు పైకి వెళ్ళిపోయాయి. శని ఆదివారాల్లో రోగులే చికిత్స వద్దంటున్నారని తేలిందట. వచ్చే నెల నుంచి వారాంతాలు ఎత్తేస్తున్నారు. ఇవాళ నీకు ఫోన్ చేసి చెప్దామనుకున్నాను."

రెండో ఫిజియోని ఇవ్వండని ఏడాదిగా అర్జీలు పెడుతున్నది వీళ్ళే. ఆ ఒక్కదాన్నీ తీసెయ్యడానికి కారణం చేతిలో పెట్టిందీ వీళ్ళే. లోర్నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఫిలిప్పా మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. ఆవిడ కళ్ళ కింద నల్లటి గీతలు చూస్తే తనను తాను అద్దంలో చూసుకున్నట్టుంది.

క్లిఫర్డ్‌కు తనే చెప్తానని లోర్నా అంది. అది కూడా వేరేవాళ్ళకు వదిలేస్తే ఇంక తనను తాను క్షమించుకోలేననుకుంది. గదిలోకి వెళ్ళేసరికి అవ్రిల్ అతని పక్కనే కూర్చుని నారింజ వలుస్తోంది. మామూలు బట్టల్లో ఉన్న లోర్నాను చూసి ఇద్దరి మొహాలూ విప్పారాయి. ఎదురు మంచం మీద డెస్మండ్ టీవీ చూస్తున్నాడు.

ఆమె అంతా చెప్పింది. కేర్ హోమ్ సంగతి చెప్పింది, మంచం సంగతి చెప్పింది, తను నొక్కిన మాట సంగతి కూడా దాచకుండా చెప్పింది. అవ్రిల్ చేతిలో నారింజ అలాగే ఉండిపోయింది. ఎన్ని బస్సులు మారాలో ఆమె అడగలేదు, ఆమెకు తెలుసు. క్లిఫర్డ్ మాత్రం చాలాసేపు తన ఎడమచేతి వంక చూస్తూ ఉండి, ఎవరి మీదా కోపం లేని గొంతుతో అడిగాడు.

"నేను అడిగుంటే వచ్చేదానివా?"

రానేమోనని చెప్పి అతని బాధ తగ్గించవచ్చు. కానీ ఇంకో అబద్ధం ఆమె నోట రాలేదు.

"వచ్చేదాన్ని. గట్టిగా అడిగినవాళ్ళ దగ్గరికే వెళ్ళాను."

క్లిఫర్డ్ తలూపాడు. తప్పు తనదేనని ఒప్పుకుంటున్నట్టు తలూపాడు. లోర్నాకు ఆ తలూపడం భరించరానిదిగా అనిపించింది. అతను తిట్టి ఉంటే బాగుండేది. అంతలో అతను కుడిచేత్తో కుర్చీ పిడి గట్టిగా పట్టుకుని, లైను చివర నిలబడ్డవాళ్ళకు కూడా వినబడేలా అరిచే కొట్టు గొంతుతో అన్నాడు.

"నాకు ఇంటికెళ్ళాలని ఉంది."

డెస్మండ్ టీవీ శబ్దం ఆపేశాడు. అవ్రిల్ భర్త వైపు ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో అతను రెండో కప్పు టీ కూడా తనంతట తాను అడిగి ఎరగడు.

"నన్ను లేపండి. నేను నిలబడతాను. నాకు ఇంటికెళ్ళాలని ఉంది."

అటుగా మందుల బండి తోసుకుంటూ వెళ్తున్న నర్సు, జరిగిందేమీ తెలియనిది, ఆ గొంతు విని గుమ్మంలో ఆగి నవ్వింది. రోజూ నోరెత్తని మనిషి ఇవాళ అడిగాడని ఆమెకు ముచ్చటేసింది.

"అలాగే క్లిఫ్, ఒక్క నిమిషం. వీళ్ళ పని చూసి వస్తాను."

బండి చక్రాల చప్పుడు పక్కగది వైపు వెళ్ళిపోయింది. లోర్నా అతని కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఎడమచెయ్యి పట్టుకుంది. ఆ చేతికి స్పర్శ తెలియదు. క్లిఫర్డ్ గుమ్మం వైపు చూస్తూ, నర్సు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.